రిబ్బను, ఒక గజం

స్కూలు బస్సు నడుపుతాను.
పొద్దున ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఒక ట్రిప్పు.
నడుమ ఐదు గంటలు
ఎవరికీ అక్కర్లేని మనిషిని.

ఆ జనవరిలో బస్సు హీటరు చచ్చిపోయింది.
కనెక్టికట్ నది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి గడ్డకట్టింది.
వెచ్చదనం కోసమే లైబ్రరీలో దూరాను,
చదువు కోసం కాదు, అబద్ధమెందుకు.

చిన్నప్పుడు చరిత్రంటే నాకు
విగ్గులు పెట్టుకున్న మగవాళ్ళ వరస.
తేదీల్ని గులకరాళ్ళలా నోట్లో పోసి నమలమన్నారు.
నమల్లేక ఉమ్మేశాను.
ఆ ఏడు వచ్చిన మార్కులు మా ఆయనకి కూడా చెప్పలేదు.

కింద నేలమాళిగలో, రేడియేటరు పక్కన ఒక్కటే కుర్చీ.
కుర్చీ ఎదుట ఒక అట్టపెట్టె.
చేతులు ఊరుకోక మూత తీశాను.
ఎప్పుడో పోయినవాళ్ళ ఇళ్ళల్లోని సామాన్ల జాబితాలు,
ఆ గొలుసుకట్టు రాతని ఎవరో ఓపిగ్గా టైపు చేసి పెట్టారు.

*విరిగిన కుర్చీ ఒకటి, మూడు పెన్నీలు.
పాత దుప్పటి, చిరుగులది.
చక్రం లేని బండి.
తేనెటీగల బుట్టలు రెండు, బతికి ఉన్నవి.*

బతికి ఉన్నవి!
పదిహేడువందల నలభై ఏడు, మంచుకాలం.
ఎవరో ఒక మనిషి మోకాళ్ళ మీద వంగి
బుట్టకి చెవి ఆనించి
లోపలి రొద విని, లేచి, ఆ ముక్క రాసుకున్నాడు.
వీపు కాలుతున్నా నేను కుర్చీ జరపలేదు.
విరిగిన కుర్చీకి వెల కట్టిన ఊరు ఇది,
నేను రోజూ రెండుసార్లు హారన్ కొడుతూ దాటే ఊరు.
ఇన్నాళ్ళూ ఒక్క విగ్గువాడూ నాకీ సంగతి చెప్పలేదే!

అంతే, తిక్కలా పట్టుకుంది.
థాంక్‌ఫుల్ లూమిస్ అనే విధవరాలు
సంతకం రాక పెట్టిన ఇంటూ గుర్తుని
వేలితో తడుముతూ ఒక పూటంతా కూర్చున్నాను.
"చచ్చినవాళ్ళ గిన్నెలు లెక్కపెడితే ఏమొస్తుంది?"
అన్నాడు మా డెల్‌బర్ట్, చారు జుర్రుకుంటూ.
"నీ గిన్నెలు ఎవరు లెక్కపెడతారో చూసుకో" అన్నాను.

ఫిబ్రవరిలో, ఒక మంగళవారం,
ఇత్తడి గడియారానికీ ఎర్ర పెయ్యకీ మధ్య:

*కాండేస్ అనే నల్ల పిల్ల, తొమ్మిదేళ్ళు, ముప్పై పౌన్లు.*

అదే రాత. అదే సిరా అయ్యుంటుంది.
తేనెటీగల రొద విన్న ఆ చెవే.

మూడింటికి బస్సు తీశాను.
మూడో తరగతి పిల్లలు పదకొండుమంది ఎక్కారు,
ఒకరి టోపీ ఒకరు లాక్కుంటూ.
అద్దంలో చూసి లెక్కపెట్టాను, రోజూ చేసే పనే.
ఆ రోజు లెక్క తప్పింది.

తర్వాత రెండు వారాలు లైబ్రరీ గడప తొక్కలేదు.
చేతి తొడుగులు వేసుకుని చల్లటి బస్సులోనే కూర్చున్నాను.
ఇష్టపడ్డ మనిషి ఇంట్లో చూడకూడనిది చూసినట్టుంది.
కానీ చూశాక, చూసినదాన్ని
అక్కడే ఒంటరిగా వదిలి రావడం ఎట్లా?

మార్చిలో హీటరు బాగుచేశారు.
అయినా వెళ్ళాను.

ఈసారి ఆ పిల్ల కోసమే వెతికాను.
చర్చి పుస్తకాల్లో లేదు. శ్మశానంలో రాయి లేదు.
మే నెలలో దొరికింది, ఒక అంగడి చిట్టాలో,
పన్నెండేళ్ళ తర్వాత:

*కాండేస్‌కి, రిబ్బను ఒక గజం, రెండు పెన్నీలు.
చెల్లు: హికరీ కాయలు ఒక బుట్ట.*

యజమాని ఖాతాలో కాదు. తన పేరు మీద.
ఏ చెట్ల కింద ఏరుకుందో, ఏ వేళప్పుడు,
ఎవరి కళ్ళు కప్పి.
గజం కొలిచి కత్తిరించినప్పుడు
కత్తెర చేసిన చప్పుడు కూడా వినిపించింది నాకు.
రంగు మాత్రం రాయలేదు వాడు.
దారపు ఉండకి రంగు రాశాడు, బొత్తాలకి రాశాడు,
దీనికి రాయలేదు.

నిన్న ఎర్ర దీపం దగ్గర ఆగినప్పుడు
ముందు సీటు పిల్లని అడిగాను:
"నీ డబ్బులతో రిబ్బను కొంటే ఏ రంగు కొంటావే?"

అది కిటికీ మీది ఆవిరిలో గీస్తున్న గీతలు ఆపి
"ఎవరికి?" అంది.

వెనక కార్లు హారన్లు మొదలుపెట్టాయి.